కీర్తనలను ముక్కలు చేసే బోధతో ముప్పు

కొత్త సంవత్సరపు ఆరాధనలో వాగ్దానపు కార్డు తీసుకోవడం తెలుగు సంఘాల్లో బాగా వేళ్లూనుకున్న అలవాటు. డిసెంబరు 31 అర్ధరాత్రి దాటాక ఎవరి చేతికి ఏ వాక్యం వస్తే, ఏడాది పొడవునా అదే తమకు దేవుడిచ్చిన మాట అనుకుంటారు. ఇంటికి తీసుకెళ్లి బీరువాకు అంటించుకుంటారు, ఫోనులో స్టేటస్‌గా పెట్టుకుంటారు. ఆ కార్డుల మీద తరచుగా కనబడేవి కీర్తనల గ్రంథంలోంచి తీసిన వచనాలే. ఆదరణ కోరుకునే విశ్వాసిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. కానీ ఆ కార్డు వెనక ఒక పద్ధతి ఉంది. 150 కీర్తనల్లోంచి చెవికి ఇంపైన వచనాలను ఏరుకోవడం, వాటి ముందూ వెనకా ఉన్నదాన్ని వదిలేయడం, ఏరుకున్నదాన్ని దేవుడు మనకు రాసిచ్చిన హామీగా చూపడం. ఈ పద్ధతి కార్డు దాటి ప్రసంగ వేదిక ఎక్కింది, ఆరాధన పాటల్లోకి వచ్చింది, యూట్యూబ్ సందేశాలకు ముడిసరుకైంది. రోగుల ప్రాణాలకు, దుఃఖంలో ఉన్నవారి విశ్వాసానికి, సంఘంలో న్యాయానికి, పొరుగువారితో సఖ్యతకు దీనివల్ల ముప్పు ఉంది. ఆ హెచ్చరిక చేయడానికే ఈ సంపాదకీయం.

ముందుగా కీర్తన అంటే ఏమిటో గుర్తు చేసుకోవాలి. ప్రవక్తల గ్రంథాల్లో ఎక్కువగా దేవుడు మనిషితో మాట్లాడతాడు. కీర్తనల్లో ఎక్కువగా మనిషి దేవుడితో మాట్లాడతాడు. పొగుడుతాడు, బతిమాలతాడు, నిలదీస్తాడు, ఏడుస్తాడు, పాపం ఒప్పుకుంటాడు, పగతో రగిలిపోతాడు. నాలుగో శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్, మార్సెల్లినస్ అనే వ్యక్తికి రాసిన లేఖలో ఈ సంగతినే వివరించాడు. మిగతా గ్రంథాల్లో మనం ఇతరుల మాటలు వింటాం, కీర్తనలు మాత్రం చదివేవాడి సొంత మాటలైపోతాయని చెప్పాడు. అవి దేవుని వాక్యమే, అయితే ప్రార్థన రూపంలో మన చేతికొచ్చిన వాక్యం. ప్రార్థనను హామీపత్రంగా మార్చిన చోటే అపాయం మొదలవుతుంది. తక్కిన తప్పులన్నీ దాని సంతానమే.

కీర్తన కవిత్వం కూడా. ఈ గ్రంథాన్ని ఒక్కరు ఒక్కసారి కూర్చుని రాయలేదు. తరతరాలు పాడుకున్న పాటలను ఐదు భాగాలుగా కూర్చారు. 73 కీర్తనల శీర్షికల్లో దావీదు పేరుంది. ఆసాపు, కోరహు కుమారులు, హేమాను, ఏతాను, మోషే పేర్లు మరికొన్నిటికి ఉన్నాయి. ఎవరి పేరూ లేనివీ అనేకం. 119వ కీర్తనను 22 హెబ్రీ అక్షరాల వరుసలో, అక్షరానికి ఎనిమిది చొప్పున 176 వచనాలుగా అల్లారు. చాలా కీర్తనల తలపై ప్రధాన గాయకుడికి సూచనలు, వాద్యాల ప్రస్తావనలు కనబడతాయి. తెలుగు విశ్వాసికి ఇది వింతగా తోచకూడదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) రాగతాళాలతో కట్టిన పాటలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో మనం పాడుకుంటున్నవే. పాట తలపై రాగం పేరు చూడగానే పాడేవాడికి భావం అందుతుంది. హెబ్రీ కీర్తనకూ తనదైన రసం ఉంది. కరుణ రసంలో పుట్టినదాన్ని వీర రసంలో చదివితే మాటలు అవే ఉంటాయి, అర్థం తలకిందులవుతుంది. నేటి వేదికల మీద జరుగుతున్నది చాలావరకు ఇదే.

1753లో ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు రాబర్ట్ లౌత్ హెబ్రీ కవిత్వంపై తన లాటిన్ ఉపన్యాసాలను ప్రచురించాడు. ఆ కవిత్వం భావాల జంట నడక మీద నిలుస్తుందని చూపాడు. మొదటి పాదం చెప్పినదాన్ని రెండో పాదం మరోలా చెబుతుంది, లేదా దానికి ఎదురు నిలుస్తుంది, లేదా దాన్ని ముందుకు తీసుకెళ్తుంది. రెండో పాదం ఊరికే తిరిగి చెప్పదని, మొదటిదానికి పదును పెడుతుందని 1980లలో జేమ్స్ కూగెల్, రాబర్ట్ ఆల్టర్ ఆ పరిశీలనను సవరించారు. ఏ విధంగా చూసినా రెండు పాదాలూ కలిస్తేనే ఒక చిత్రం. 119వ కీర్తనలో వాక్యాన్ని దీపంతోనూ వెలుగుతోనూ పోల్చిన వచనం ఉంది. దీపం వేరు, వెలుగు వేరు అంటూ దాని మీద రెండు సిద్ధాంతాలు నిలబెట్టే ప్రసంగాలు మనం విన్నవే. అంతవరకైతే పెద్ద హాని లేదు. కానీ కవితను చట్టంలా చదివే అలవాటు అక్కడితో ఆగదు. భూమి పునాదులు కదలవంటూ సృష్టికర్తను పొగిడిన 104వ కీర్తనను, సూర్యుడి చుట్టూ భూమి తిరుగుతుందన్నవారి మీద ఒకప్పుడు ప్రయోగించారు. 1616లో రోమన్ క్యాథలిక్ సంఘం కోపర్నికస్ గ్రంథాన్ని సవరించేదాకా నిలిపివేసింది, 1633లో గెలీలియోకు శిక్ష వేసింది. పాటను పాటగా చదవనందుకు సంఘం శతాబ్దాల పాటు తలవంచుకోవలసి వచ్చింది.

ప్రాణాపాయం నేరుగా కనబడేది 91వ కీర్తన విషయంలో. తెగులు, బాణం, సింహం, పాము చుట్టుముట్టినా దేవుని నీడలో నిలిచినవాడి నమ్మకాన్ని పాడే గీతం అది. దీన్ని రక్షరేకుగా వాడుకోవడం చాలా పాత సంగతి. మృత సముద్ర తీరంలోని కుమ్రాను 11వ గుహలో దొరికిన ఒక గ్రంథపు చుట్టలో ఈ కీర్తన దయ్యాలను వెళ్లగొట్టే పాటల సరసన ఉంది. తర్వాతి శతాబ్దాల్లో దీన్ని తాయెత్తుల మీద రాసుకుని కట్టుకున్నారు. సువార్తల్లో ఈ కీర్తనను ఉదహరించింది ఎవరో ప్రసంగీకులు మరవకూడదు. మత్తయి 4వ అధ్యాయంలో, లూకా 4వ అధ్యాయంలో సాతాను యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూతలు ఎత్తిపట్టుకుంటారన్న వచనం చూపి దూకమంటాడు. ఆ కీర్తన అబద్ధమని యేసు అనలేదు. దేవుణ్ణి శోధించకూడదన్నాడు. నమ్మకాన్ని పాడటం ఒకటి, నమ్మకం పేరుతో దేవుణ్ణి ఇరకాటంలో పెట్టడం మరొకటి. ఆ రెంటి మధ్య గీతను ఆయనే గీశాడు.

2020లో కరోనా వ్యాపించినప్పుడు ఈ కీర్తన దేశదేశాల్లో ఫోను నుంచి ఫోనుకు ప్రయాణించింది. భయంలో ఉన్నవారు దాన్ని చదువుకుని ధైర్యం తెచ్చుకోవడం సబబే. విశ్వాసికి తెగులు అంటదని, మాస్కూ టీకా అవిశ్వాసానికి గుర్తులని చెప్పడం మాత్రం శిఖరం మీద నుంచి దూకమన్న బోధతో సమానం. 103వ కీర్తనలోని స్వస్థత వచనం చూపి షుగరు మాత్రలు ఆపమన్నా, సాధారణంగా కనీసం ఆరు నెలలు క్రమం తప్పకుండా వాడాల్సిన క్షయ మందులు మధ్యలో మానమన్నా అంతే. అలాంటి మాట ఏ వేదిక మీద వినబడినా సంఘ పెద్దలు అక్కడికక్కడే ఆపాలి. రోగి చనిపోయాక, విశ్వాసం చాలలేదంటూ ఆ కుటుంబాన్నే తప్పుపట్టేవారున్నారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మీద దేవుడి పేరుతో వేసే రెండో దెబ్బ అది.

ఆరోగ్యం తర్వాత డబ్బు. నీతిమంతుడి పని సఫలమవుతుందన్న భావం 1వ కీర్తనలో ఉంది, హృదయ వాంఛలు తీరతాయన్న మాట 37వ కీర్తనలో ఉంది. ఇల్లు, కారు, వీసా కోసం ఈ రెంటినీ ఎలుగెత్తి ప్రకటించుకోమనే బోధకులు 37వ కీర్తన ఎవరితో మాట్లాడుతోందో చూడరు. దుర్మార్గులు వర్ధిల్లడం చూసి కడుపు మండుతున్న దీనులతో, కోపం విడిచి ఓర్పు పట్టమని అది చెబుతోంది. 73వ కీర్తనలో ఆసాపు ఇంకో మెట్టు దిగి, నీతిగా బతకడం వృథాయేనేమోనని తడబడతాడు. చివరికి అతడికి దొరికింది సంపద కాదు, దేవుని సన్నిధి. 89వ కీర్తన దీనికి మరింత స్పష్టమైన నిదర్శనం. 52 వచనాల ఆ కీర్తనలో మొదటి 37 దావీదు వంశానికి దేవుడు చేసిన నిబంధనను ఘనంగా పాడతాయి. 38వ వచనంలో పాట తిరగబడి, ఆ నిబంధనను నీవే కాలదన్నావు కదా అని దేవుణ్ణే అడుగుతుంది. 37వ వచనం దగ్గర ఆగిన ప్రసంగీకుడు ఆ కీర్తనను దాచినవాడే అవుతాడు.

ఇలా దాస్తున్నవాటిలో అన్నిటికన్నా పెద్దది విలాపం. కీర్తనల్లో మూడో వంతుకు పైగా విలాప గీతాలే. కీర్తనలను రకాలుగా వర్గీకరించిన జర్మన్ పండితుడు హెర్మన్ గుంకెల్, ఆయన బాటను విస్తరించిన క్లాస్ వెస్టర్‌మన్ వాటికి పెద్దపీట వేశారు. అమెరికన్ పండితుడు వాల్టర్ బ్రూగ్‌మన్ 1986లో రాసిన వ్యాసంలో, విలాపాన్ని పోగొట్టుకున్న సంఘం ఎంత మూల్యం చెల్లిస్తుందో వివరించాడు. దేవుడి ముందు ఫిర్యాదుకు చోటు లేకపోతే న్యాయం గురించిన ప్రశ్నే మూగబోతుందని, ఆరాధన నటనగా దిగజారుతుందని ఆయన వాదన. మన ఆదివారపు ఆరాధనను ఈ వెలుగులో చూడండి. డ్రమ్స్, కీబోర్డు, చప్పట్లతో మొదలై విజయగీతంతో ముగుస్తుంది. తాగుబోతు భర్తతో నలిగిపోతున్న ఇల్లాలు, గల్ఫ్‌లో చనిపోయిన కొడుకు శవం కోసం ఎదురుచూస్తున్న తండ్రి, అప్పుల్లో మునిగిన కౌలు రైతు అక్కడే కూర్చుని ఉంటారు. తమ మాట ఒక్కటీ వినబడకుండానే ఇంటికి వెళ్లిపోతారు. వారి కోసం గ్రంథంలో 13వ కీర్తన ఉంది, 42 ఉంది, 88 ఉంది. ఆ ఆరాధనలో వాటిని పాడే పాట మాత్రం వినబడదు.

హేమాను పేరున్న 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది. చివర్లో ఓదార్పు లేదు, సాక్ష్యం లేదు. అయినా మొదటి నుంచి చివరిదాకా అది దేవుడితోనే మాట్లాడుతుంది. ఆ ముగింపును తన సొంత ముగింపుతో మార్చే హక్కు ప్రసంగీకుడికి లేదు. 44వ కీర్తన మరీ తెగువ గలది. మేము నిన్ను మరవకపోయినా మమ్మల్ని ఎందుకు నలగ్గొట్టావని జాతి మొత్తం దేవుణ్ణి అడుగుతుంది. క్రీస్తు ప్రేమ నుంచి మనల్ని ఏదీ వేరు చేయలేదని ధీమాగా చాటే రోమా పత్రిక 8వ అధ్యాయంలోనే పౌలు ఈ కీర్తనను ఉదహరించాడు. విజయాన్ని చాటేటప్పుడు కూడా విలాపాన్ని ఆయన పక్కన పెట్టలేదు. సిలువ మీద యేసు నోట వచ్చింది 22వ కీర్తన తొలి మొర. దాన్ని విశ్వాసలోపం అనగల బోధకుడు ఉన్నాడా?

దేవుణ్ణి నిలదీయడానికి జంకేవారు తెలుగు భక్తి సంప్రదాయాన్నైనా చూడాలి. గోల్కొండ చెరలో ఉన్న భద్రాచల రామదాసు తాను చేయించిన నగల లెక్కలు అప్పజెప్పి మరీ రాముణ్ణి దెప్పాడు. ఆ దెప్పుళ్లు ఇవాళ్టికీ భక్తిగీతాలే. 'క్రీస్తు చరిత్ర' రాసిన గుర్రం జాషువా 1941 నాటి 'గబ్బిలం'లో, అంటరానితనం కాటుకు గురైన మనిషి మొరను శివుడి దాకా పంపించాడు. మొరపెట్టడం మన నేలకు తెలిసిన భక్తే. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేల ప్రాణాలు తీసినప్పుడు, బతికి బయటపడ్డవారికి సరిపోయే మాటలు కీర్తనల్లో ఉన్నాయి. నీళ్లు గొంతు దాకా వచ్చాయని మొరపెట్టే 69వ కీర్తన ఉంది. అలాంటి రోజున విజయ ప్రకటనలు వల్లించే సంఘం శోకించేవారిని ఒంటరి చేస్తుంది.

విలాపం కన్నా కష్టమైనవి శాప కీర్తనలు. క్రీ.పూ. 586లో బబులోను సైన్యం యెరూషలేమును నేలమట్టం చేసిన గాయం నుంచి 137వ కీర్తన పుట్టింది. దాని చివరి మాటలు శత్రువుల పసిబిడ్డల చావు కోరతాయి. ఇటువంటివాటిని కత్తిరించడం సంఘం ఎంచుకున్న ఒక దారి. 1784లో అమెరికా మెథడిస్టుల కోసం ఆరాధన పుస్తకం కూర్చిన జాన్ వెస్లీ, క్రైస్తవుల నోటికి తగవనుకున్నవాటిని తీసేశాడు. 1971లో వెలువడిన రోమన్ క్యాథలిక్ దైనిక ప్రార్థన గ్రంథంలో 58, 83, 109 కీర్తనలు లేవు, మరికొన్నిటిలో కొన్ని వచనాలు లేవు. 1978లో బోనీ ఎం బృందం ప్రపంచమంతా పాడించిన బబులోను నదుల పాటలో 137వ కీర్తన చివరి శాపం ఉండదు. మూడో శతాబ్దంలోనే క్రైస్తవ పండితుడు ఒరిజెన్ మరో దారి తొక్కాడు. బండకు కొట్టవలసిన శిశువులంటే మొలకెత్తుతున్న చెడు తలంపులని వివరించాడు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ వివరణలో కాలిపోయిన నగరం, కడుపుకోత మిగిలిన తల్లులు కనబడకుండా పోతారు.

ఆ శాపాలను మన శత్రువుల మీదికి ఎక్కుపెట్టడం మరింత ప్రమాదకరమైన దారి. 2009లో అమెరికాలో అధ్యక్షుడు ఒబామా కోసం ప్రార్థించమంటూ 109వ కీర్తన 8వ వచనం సంఖ్యను స్టిక్కర్ల మీద, చొక్కాల మీద ముద్రించి అమ్మారు. ఆ వచనం ఒకడి రోజులు తగ్గిపోవాలంటుంది. దాని తర్వాతది అతడి పిల్లలు తండ్రి లేనివారు కావాలంటుంది. వేళాకోళంగా అమ్మిన స్టిక్కరు వెనక ఉన్నది చావు కోరిక. పైగా ఆ శాపాలు కీర్తనకారుడివా, లేక శత్రువులు తన మీద పలికినవాటిని అతడు దేవుడికి అప్పజెబుతున్నాడా అన్న విషయంలోనే పండితులకు భిన్నాభిప్రాయాలున్నాయి. అంత జాగ్రత్తగా చదవాల్సినదాన్ని కారు వెనక అంటించుకున్నారు. మన దగ్గర సంఘం విడిచి వెళ్లినవారి మీద, ఆస్తి తగాదాలో ఎదుటి పక్షం మీద, వేరే మతం పాటించే పొరుగువారి మీద ఈ వచనాలు ప్రయోగించే నోళ్లకు కొదవ లేదు.

శాప కీర్తన చేతిలో ఆయుధం లేనివాడి మొర. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. ప్రాణాలు దక్కించుకున్నవారు చీరాల వచ్చి తలదాచుకున్నారు. వారిలో క్రైస్తవ కుటుంబాలున్నాయి. అలాంటివారు 58వ కీర్తననో 137వ కీర్తననో పలికితే, వారు తమ పగను దేవుడి కోర్టులో దాఖలు చేసినట్టు. తీర్పు ఆయనకు వదిలి కత్తి కింద పెట్టినట్టు. అవే మాటలు బలవంతుడి నోట వస్తే దేవదూషణ. కాబట్టి వేదిక ఎక్కే ముందు ప్రసంగీకుడు ఈ కీర్తన పలికే హక్కు ఇవాళ ఎవరికుందని అడగాలి. అలా పలికేవారిలో ఎవరైనా ప్రసంగీకుడి మీదే, ఆయన సంఘం మీదే పలుకుతున్నారేమో కూడా చూసుకోవాలి. వేరువేరు కులాలకు వేరువేరు చర్చీలు, వేరువేరు శ్మశానాలు ఉన్నచోట ఈ ప్రశ్న మరీ సూటిగా తగులుతుంది.

అధికారాన్ని కాపాడుకోవడానికి వాడే వచనం ఇంకొకటి ఉంది. పరిచర్య డబ్బు లెక్కలు అడిగినప్పుడు, సేవకుడి నడతపై ఫిర్యాదు వచ్చినప్పుడు, దేవుడి అభిషిక్తులను ముట్టవద్దన్న 105వ కీర్తన 15వ వచనం బయటికి వస్తుంది. ఆ కీర్తన చదివితే అక్కడున్నది ఎవరో తెలుస్తుంది. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు గుప్పెడుమందిగా, సొంత భూమి లేని పరదేశులుగా దేశం నుంచి దేశానికి తిరుగుతున్నారు. వారికి హాని చేయవద్దని దేవుడు రాజులను గద్దించాడు. బలహీనులను రాజుల నుంచి కాపాడిన మాటను, బలమైన నాయకుణ్ణి బలహీనుల ప్రశ్నల నుంచి కాపాడటానికి వాడుతున్నారు. ఇంతకన్నా పెద్ద తారుమారు లేదు. అభిషిక్తుణ్ణి నిలదీయకూడదన్నదే నియమమైతే 51వ కీర్తనకు నేపథ్యమే ఉండదు. బత్షెబ విషయంలో దావీదు చేసిన పాపాన్ని నాతాను ప్రవక్త మొహం మీదే చెప్పిన సందర్భాన్ని ఆ కీర్తన శీర్షికే గుర్తు చేస్తోంది. బాధితుల నోరు 105వ కీర్తన వచనంతో మూయించే సంఘం దేవుడి వాక్యాన్ని నేరానికి తోడు పిలుస్తోంది.

కీర్తనల్లోని ఇశ్రాయేలు స్థానంలో మనల్ని మనం కూర్చోబెట్టుకోవడంలోనూ జాగ్రత్త కావాలి. 1719లో ఇంగ్లిష్ గీతరచయిత ఐజాక్ వాట్స్ కీర్తనలను క్రైస్తవ పాటలుగా తిరగరాసినప్పుడు, కొన్నిచోట్ల ఇశ్రాయేలు ఉన్నచోట బ్రిటన్‌ను పెట్టాడు. సముద్రాల మీద రాజ్యమేలుతున్న జాతి తనను దేవుడు ఎన్నుకున్న జనంగా పాడుకుంది. అంతకన్నా చేదైన చరిత్ర యూదులతో ముడిపడింది. శత్రువులను చంపకుండా చెదరగొట్టమన్న 59వ కీర్తన మాటను సంఘ పితరుడు ఆగస్టీన్ యూదులకు వర్తింపజేశాడు. వారిని చంపకూడదు, చెదిరిపోయి లేఖనాలకు సాక్షులుగా బతకాలి అన్నది ఆయన వ్యాఖ్యానం. అది కొన్నిసార్లు వారి ప్రాణాలు కాపాడింది. వారి అవమానాన్ని దైవసంకల్పంగానూ మార్చింది. ఎవరి పాటలు పాడుకుంటున్నామో వారినే ఆ పాటలతో శత్రువులుగా నిలబెట్టాం.

ఈ చరిత్రను ఎదుర్కొన్నవారూ ఉన్నారు. 1938 నవంబరు 9 రాత్రి జర్మనీలో యూదుల ప్రార్థనాలయాలను తగలబెట్టినప్పుడు, లూథరన్ పాస్టర్ డీట్రిష్ బోన్‌హోఫర్ తన బైబిలులో ఆ తేదీని 74వ కీర్తన పక్కన రాసుకున్నాడు. దేశంలోని దేవుని సమాజ మందిరాలను శత్రువులు కాల్చేశారని విలపించే వచనం అక్కడుంది. కీర్తన ఆ రాత్రి ఎవరి పక్షాన పలుకుతోందో ఆయన గుర్తించాడు. 1940లో కీర్తనలపై ఆయన రాసిన చిన్న పుస్తకం నాజీ అధికారులకు రుచించలేదు. 1945 ఏప్రిల్‌లో ఆయన్ను ఉరితీశారు. యూదులు నేటికీ పస్కా పండుగనాడు 113 నుంచి 118 వరకు కీర్తనలు పాడుకుంటారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను యూదులుగా చెప్పుకునే బెనె ఎఫ్రయీము అనే తెలుగు సమూహమే ఉంది. వారు వింటుండగా చెప్పలేని వ్యాఖ్యానాన్ని వారు లేని చోటా చెప్పకూడదు.

ఇదంతా విని, కీర్తనల్లో క్రీస్తును చూడకూడదా అని కొందరు అడుగుతారు. చూడాలి. 2, 16, 22, 69, 110, 118 కీర్తనలు లేకపోతే కొత్త నిబంధన సగం మూగబోతుంది. అయితే చూసే తీరు ఒకటుంది. ఐదో శతాబ్దానికి ముందే ఈ వివాదం నడిచింది. మొప్సుయెస్తియా బిషప్ థియోడోర్ 2, 8, 45, 110 కీర్తనలను మాత్రమే నేరుగా క్రీస్తును గురించినవిగా ఒప్పుకున్నాడు. 553లో కాన్‌స్టాంటినోపుల్ సభ ఆయన్ను ఖండించింది. మరోవైపు ప్రతి వచనాన్నీ యేసు నోట పెట్టేవారికి 69వ కీర్తన అడ్డుపడుతుంది. కొత్త నిబంధన పదేపదే ఉదహరించిన ఆ కీర్తనలోనే కీర్తనకారుడు తన తెలివితక్కువతనాన్ని, అపరాధాలను ఒప్పుకుంటాడు. శిరస్సైన క్రీస్తు, శరీరమైన సంఘం కీర్తనల్లో కలిసి మాట్లాడతారని ఆగస్టీన్ ఈ చిక్కును విప్పాడు. యూదుల విషయంలో ఆయన తప్పును తప్పనవచ్చు, ఈ విషయంలో ఆయన వద్ద నేర్చుకోవచ్చు. మొదట దావీదు కాలపు, చెర కాలపు మనిషి గొంతు వినాలి. ఆ గొంతునే యేసు తన గొంతుగా చేసుకున్నాడని తర్వాత చెప్పాలి. మొదటి మెట్టు దాటవేస్తే సిలువ మీద ఆయన మోసిన మానవ దుఃఖమే మాయమవుతుంది.

సామాన్య విశ్వాసికి ఇంత పాండిత్యం అక్కర్లేదని, ఒక్క వచనంతోనూ దేవుడు ఓదార్చగలడని మరో ఆక్షేపణ. ఓదార్చగలడు, ఆసుపత్రి మంచం మీద 23వ కీర్తనలోని ఒక్క మాటే ఆసరా అయిన ప్రాణాలు ఎన్నో. మా అభ్యంతరం ఆ ఆసరా మీద కాదు, దాన్ని హామీపత్రంగా అమ్మేవారి మీద. దీనికి ఎదురు చివర ఇంకో లోపం ఉంది. గుంకెల్ వర్గీకరణ, కీర్తనలను పండుగ ఆరాధనకు ముడిపెట్టిన పండితుడు మోవింకెల్ సిద్ధాంతం చెప్పి, కీర్తనను ప్రార్థన దాకా తీసుకురాకుండానే దిగిపోయే ప్రసంగం. అదీ సంఘానికి ఆకలి మిగిల్చేదే. అయితే నేడు తెలుగు వేదికల మీద ముప్పు ఆ వైపు నుంచి రావడం లేదు.

చేయాల్సిన పనులు కష్టమైనవేమీ కావు. కీర్తన మీద ప్రసంగించేవారు ముందుగా మొత్తం కీర్తనను సంఘం ఎదుట చదవాలి. ఎవరు, ఎవరితో, ఏ స్థితిలో మాట్లాడుతున్నారో చెప్పాకే వర్తింపుకు రావాలి. ఆరాధన నడిపేవారు నెలకు ఒక్కసారైనా ఒక విలాప కీర్తనను పాటగానో చదువుగానో చేర్చాలి. తొందరపడి హల్లెలూయతో దాన్ని ముగించకూడదు. పాటలు రాసేవారికి ఇక్కడ బోలెడంత ఖాళీ ఉంది. 13, 44, 88 కీర్తనలు మరిన్ని తెలుగు రాగాల కోసం ఎదురుచూస్తున్నాయి. కార్డులు, క్యాలెండర్లు అచ్చువేసేవారు వచనంతో పాటు మొత్తం కీర్తన చదవమన్న సూచననూ ముద్రించాలి. ఆంధ్ర క్రిస్టియన్ థియాలజికల్ కాలేజీ వంటి వేదాంత విద్యాలయాలు తమ విద్యార్థులకే పరిమితం కాకూడదు. శిక్షణకు నోచుకోని స్వతంత్ర సంఘాల సేవకుల కోసం కీర్తనల మీద తెలుగులో చిన్న పాఠాలు నడపాలి. సంఘ పెద్దలు రెండు విషయాల్లో రాజీ పడకూడదు. వైద్యం మానమనే బోధకు వేదిక ఇవ్వకూడదు, ఫిర్యాదును వాక్యంతో అణచనివ్వకూడదు.

చివరి బాధ్యత వినేవారిది. తెలుగు బైబిలు ఇవాళ ప్రతి విశ్వాసి చేతిలో, ప్రతి ఫోనులో ఉంది. ఇంటికి వెళ్లి మొత్తం కీర్తన చదివి, వేదిక మీద చెప్పకుండా వదిలేసిన భాగం గురించి మర్యాదగా అడగడం ఎవరికైనా సాధ్యమే. అలా అడిగేవారిని సంఘానికి శత్రువులుగా చూడకూడదు. కీర్తనకారులు దేవుణ్ణే ప్రశ్నించారు, దేవుడు ఆ ప్రశ్నలను తన గ్రంథంలోనే ఉంచుకున్నాడు. ప్రశ్నను సహించలేని పరిచర్యకు కీర్తనల పేరు ఎత్తే అర్హత లేదు. అలాంటి పరిచర్యకు కానుకలు, కెమెరాలు, వేదికలు అందించడం మానుకోవడమే సంఘం తీసుకోవాల్సిన మొదటి జాగ్రత్త.